కుట్టుకో అంగుళం

శనివారం ఉదయం ఏడున్నరకు టేపు మాస్టరు వేసుకున్న పథకంలో తిరకాసు ఏమీ లేదు. పదిన్నరకల్లా వెనకగది గోడలకు రంగు పూర్తిచేయాలి. పన్నెండుకల్లా తొట్టి మంచం బిగించి ఆ గదిలో పెట్టాలి. ఒంటిగంటకు అన్నం తిని, గది తుడిచి, స్నానం చేసి, నాలుగింటికి తల దువ్వుకుని గుమ్మంలో నిలబడాలి. భార్యా అత్తగారూ ఆటో దిగగానే, ఇదేమంత పెద్ద పని కాదన్నట్టు, "గది చూస్తారా అత్తయ్యగారూ?" అనాలి. ఆ ఒక్క మాట అనడం కోసమే తక్కిన పథకమంతా.

టేపు మాస్టరు వృత్తికి దర్జీ. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. పెళ్ళి ఫొటోలో కూడా కోటు కాలరు కిందనుంచి టేపు కొస తొంగిచూస్తూ ఉంటుంది. ఆయన కుట్టిన కోటుకు వంక పెట్టినవాళ్ళు లేరు, ఆయన చెప్పిన తేదీని నమ్మినవాళ్ళూ లేరు. మంగళవారం ఇస్తానంటే ఏ మంగళవారమో అడిగి రాయించుకోవాలి. రాయించుకున్నా పెద్దగా ఒరిగేది లేదు. ఈ పెళ్ళికి కాకపోతే ఆ పై పెళ్ళికి వేసుకోవచ్చులే అని జనం తమకు తామే సర్దిచెప్పుకునేవారు.

ఇంటికి వెనకవైపు ఒక చిన్న గది ఉంది. పదేళ్ళుగా అందులో గుడ్డపీలికలూ, విరిగిన హ్యాంగర్లూ, ఎవరూ వచ్చి తీసుకెళ్ళని పంట్లాలూ పేరుకుపోయాయి. భార్యకు నెల తప్పిందని తెలిసిన రోజే ఆ గది పుట్టబోయే బిడ్డదని తీర్మానం జరిగిపోయింది. ఆలూ ఉంది, చూలూ ఉంది, గది ఒక్కటే లేదు. "రేపు ఖాళీ చేస్తా" అన్నాడు మాస్టరు. ఆ రేపు ఆరు నెలలు సాగింది.

రెండు వారాల కిందట అత్తగారి దగ్గరనుంచి ఫోను వచ్చింది. ఆవిడ ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో కాన్పుల వార్డుకు హెడ్డు నర్సుగా చేసి రిటైరైన మనిషి. సన్నగా, రివటలా ఉంటుంది. ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే డాక్టర్లు కూడా ఇంకోసారి చేతులు కడుక్కునేవారని చెప్పుకుంటారు.

"వచ్చే శనివారం కాక ఆపై శనివారం వస్తున్నాను అల్లుడుగారూ" అంది ఆవిడ. "గది చూస్తాను. పసిబిడ్డను పెట్టే వీలుంటే అమ్మాయి మీ దగ్గరే ఉంటుంది. లేదంటే ఆ సాయంత్రం బస్సుకే నాతో తీసుకెళ్తాను. నాలుగు నెలలు అక్కడే. టికెట్లు రెండూ తీసి ఉంచాను."

ఆ పూట మాస్టరుకు అన్నం సయించలేదు. నాలుగు నెలలు. బిడ్డ పుట్టే సమయానికి తాను ఎక్కడో బస్సులో కిటికీ పక్క సీట్లో ఉంటాడు. ఆ తరవాత ఆదివారం ఆదివారం పళ్ళసంచీతో వెళ్ళి, చుట్టంలా కుర్చీ అంచున కూర్చుని, బిడ్డను ఒకసారి ఎత్తుకుని తిరిగి ఇచ్చేసి రావాలి. ఎవరో కొలతలు తీసుకోవడానికి వచ్చారని బిడ్డ అనుకుంటుంది. మరునాడు తెల్లారేసరికల్లా గదిలోని పీలికలు మూటలుకట్టి బయటపెట్టాడు.

అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. మంచం కూడా తానే చేస్తానన్నాడు. గుడ్డ కోసేవాడికి చెక్క కోయడం ఎంతసేపు అన్నది ఆయన వాదన. అలాంటి ఇలాంటి మంచం కాదు. చుట్టూ కర్రచువ్వల కటకటాలు, నాలుగు మూలలా దోమతెర కట్టడానికి నిలువెత్తు కర్రలు, వాటిని కలుపుతూ వరసగా అడ్డకర్రలు. కొలతల పుస్తకంలో బొమ్మ గీసి, పక్కన అంకెలు వేసి, ఆ కాగితం కోతమిల్లుకు పట్టుకెళ్ళాడు. మిల్లువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వెడల్పు ఇరవై ఎనిమిది అంగుళాలని రాసి, పక్కన ఇంకో రెండు, ఇంకో నాలుగు వేశారేంటండీ?"

"రెండు కుట్టుకి. అటో అంగుళం, ఇటో అంగుళం."

"చెక్కకి కుట్టేంటండీ?"

"నాలుగు ఎదుగుదలకి. పిల్లలు ఎంతలో ఎదుగుతారు? ఆ నాలుగూ తల వైపే పెట్టు. కాళ్ళ వైపు వద్దు. కింద సన్నంగా వస్తేనే ఫిట్టింగు."

మిల్లువాడికి లోపల ఏదో తేడా కొట్టింది. కానీ మెడలో టేపు వేసుకున్న మనిషికి కొలతల గురించి చెప్పేదేముందని రంపం ఆన్ చేశాడు.

ఇక శనివారానికి వద్దాం. భార్య బడిలో లెక్కల టీచరు. సెలవులోకి వెళ్ళేముందు ఆమెకు అదే ఆఖరి పని దినం. ఎనిమిదో నెల పొట్టతో వంగలేక, గోడ పట్టుకుని కాలితో చెప్పులు వెతుక్కుంటూ, వీధిగదిలో కుట్టుమిషను పక్కన గోడకు చేరేసిన చెక్కల వంక చూసింది.

"ఏమండీ, ఆఖరిసారి చెప్తున్నా. బజార్లో మడతమంచాలు దొరుకుతాయి. అరగంట పని."

"రెడీమేడా? ఒంటికి సరిపడదు, కంటికి ఆనదు. నా బిడ్డ రెడీమేడు మంచంలో పడుకుంటుందా?"

"పడుకోవడానికే కదండీ, ఫొటో దిగడానికి కాదుగా."

"నువ్వు సాయంత్రం వచ్చి చూడు, అప్పుడు మాట్లాడు."

"సరే. నాలుగింటికి అమ్మని తీసుకుని వస్తా. గదిలో అడుగు పెట్టేందుకు చోటుంటే చాలు నాకు" అని ఆమె ఆటో ఎక్కింది.

రంగు పని నిజంగానే బాగా సాగింది. లేత పసుపు రంగు. మాస్టరు బ్రష్షును సుద్దముక్కలా పట్టుకుని, మూలల దగ్గర చొక్కాకు చంకభాగం కత్తిరించినంత జాగ్రత్తగా వేశాడు. గోడలకు పట్టగా మిగిలిన రంగు ఆయన ముఖానికీ, చేతులకూ, మెడకూ పట్టింది. తరవాత తుడుచుకుందాంలే అనుకున్నాడు. తొమ్మిదిన్నర కాకుండానే వీధిగదిలోకి వచ్చి మంచం పని మీద పడ్డాడు. నాలుగు పక్కలూ వారం నుంచి తయారుచేసి పాలిష్ పెట్టి ఉంచినవే. ఇప్పుడు వాటిని కలపడమే పని. జిగురు రాసి, అంగుళానికో స్క్రూ చొప్పున బిగించుకుంటూ పోయాడు. పదకొండుకల్లా మంచం నిలబడింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కాకపోతే కాస్త దూరం జరిగి చూస్తే, అందులో ఒక బిడ్డేమిటి, చిన్న క్లాసు పట్టేలా ఉంది.

ఆయన టేపు తీసి కొలిచాడు. తల వైపు ముప్పై నాలుగు అంగుళాలు. కాళ్ళ వైపు ముప్పై. వెనకగది గుమ్మం కొలిచాడు. తలుపు మందం పోగా ముప్పై. టేపు పొరబడిందేమోనని తిరగేసి మళ్ళీ కొలిచాడు. గుడ్డకైతే కుట్టుకు వదిలిన అంగుళం లోపలికి మడత పడిపోతుంది. చెక్క మడత పడదన్న సంగతి ఆయనకు అప్పుడు తెలిసింది. పాతికేళ్ళ అలవాటు చేతిలో ఉంటే బుర్రను ఎవరు అడుగుతారు?

అదే సమయానికి పక్కింటి గార్డు బాబాయి గుమ్మంలోంచి తొంగిచూశాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలో నిలబడి పచ్చజెండా ఊపాడు గనక, బండి ఎలా లాగాలో ఇంజనులో ఉన్నవాడికంటే తనకే బాగా తెలుసునని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్ళలో రిజిస్టరులో ఒక్క అబద్ధం రాయలేదని ఆయనకో గర్వం.

"ఇంత చిన్న విషయానికి మొహం వేలాడేసుకుంటారేంటి మాస్టారూ? తలుపు ఊడదీయండి. రెండంగుళాలు కలిసొస్తాయి."

"ముప్పై రెండవుతుంది. మంచం తల దగ్గర ముప్పై నాలుగు కదా బాబాయిగారూ."

"కాళ్ళ వైపు నుంచి పంపుదాం. సగం వెళ్ళాక మిగతా సగం దానంతటదే వెళ్తుంది. బండి అంతే."

మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆసరాయే. ఇద్దరూ కలిసి తలుపు ఊడదీసి గోడకు చేరవేశారు. మాస్టరు గదిలోపలికి వెళ్ళి మంచం కాళ్ళ వైపు పట్టుకుని లాగాడు. బాబాయి వీధిగదిలోంచి తల వైపు భుజం ఆనించి నెట్టాడు. మంచం సగం దాకా నిజంగానే వెళ్ళింది. అక్కడ సీసా మూతికి బిరడా బిగించినట్టు బిగుసుకుంది. బాబాయి పట్టుదల గల మనిషి కావడంతో ఇంకో రెండుసార్లు నెట్టాడు. ఆ తరవాత అది ముందుకూ రాలేదు, వెనక్కూ పోలేదు.

అప్పుడు మాస్టరు తన పరిస్థితిని పరిశీలించుకున్నాడు. గదికి ఉన్నది ఒకటే గుమ్మం. కిటికీకి ఇనుప ఊచలు. మంచం పైనుంచి దూకుదామంటే దోమతెర కర్రలూ అడ్డకర్రలూ గుమ్మం పైదాకా ఉన్నాయి. కిందనుంచి పాకుదామంటే నేలకూ మంచానికీ మధ్య ఉన్నది పన్నెండంగుళాలు. తన పొట్ట సంగతి తనకు తెలుసు గనక మాస్టరు టేపు తీయలేదు.

"స్క్రూలు విప్పేద్దాం. ఎన్నున్నాయి?" అన్నాడు బాబాయి.

"నూట నలభై. జిగురు కూడా పెట్టాను."

"నూట నలభయ్యా? ఏనుగుని కట్టేస్తారా ఇందులో?"

"కుట్టు దగ్గరగా పడకపోతే పిగిలిపోతుంది బాబాయిగారూ" అన్నాడు మాస్టరు నీరసంగా.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే వీధిగదిలో బల్లమీద ఫోను మోగింది. బాబాయి వెళ్ళి చూసి, "మీ ఆవిడ" అన్నాడు. మాస్టరు చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు.

"మంచం సంగతి మాత్రం చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను. అది తెలిసిందంటే మా అత్తగారు అమ్మాయిని తీసుకుపోతుంది."

"మరేం చెప్పను?"

"పడుకున్నానని చెప్పండి."

బాబాయి ఫోను స్పీకరులో పెట్టాడు. రైలు చప్పుడులో ముప్పై ఏళ్ళు గడిపినవాళ్ళు ఫోను చెవి దగ్గర పెట్టుకోరు.

"ఏమండీ, అమ్మ పొద్దున్న బస్సుకే వచ్చేసింది, నేను బడిలో చెప్పి వచ్చేశాను. ఇద్దరం ఇప్పుడే బస్టాండులో ఆటో ఎక్కాం."

"నేనమ్మా, పక్కింటి బాబాయిని. మాస్టారు పడుకున్నాడు."

"పడుకున్నారా?" అవతల ఆమె గొంతులో ఆశ్చర్యం. "పగలు పడుకునే మనిషి కాదే. ఒకసారి లేపండి బాబాయిగారూ."

బాబాయి మాస్టరు వంక చూశాడు. మాస్టరు వద్దని రెండు చేతులూ ఊపాడు.

"లేవట్లేదమ్మా."

"లేవకపోవడమేంటండీ? తట్టి లేపండి."

అబద్ధాలు రెండు ఎలాగూ ఆడాడు, మూడోది ఆడటం బాబాయికి ఇష్టం లేదు. చువ్వల మధ్యనుంచి చెయ్యి పెట్టి మాస్టరు భుజం మీద రెండుసార్లు తట్టాడు. "తట్టానమ్మా. మనిషిలో ఏం మార్పు లేదు" అన్నాడు.

ఈసారి అవతలనుంచి వేరే గొంతు వచ్చింది. మాస్టరు చువ్వలు వదిలి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నేను అమ్మాయి వాళ్ళమ్మని. ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోందమ్మా. బాగా ఎగశ్వాసగా ఉంది." అది నిజమే. అరగంట నుంచి మంచం లాగిన మనిషికి ఇంకెలా ఉంటుంది?

"చెయ్యి పట్టుకుని నాడి చూడండి. గడియారం చూసి నిమిషం లెక్కపెట్టండి."

మాస్టరు దిక్కులేక చువ్వల్లోంచి చెయ్యి చాపాడు. గడియారం చూడటంలో బాబాయిని మించినవాడు లేడు. సరిగ్గా అరవై సెకన్లు లెక్కపెట్టి, "నూట ఇరవై ఎనిమిది" అన్నాడు.

"ఒళ్ళు ఏ రంగులో ఉంది?"

బాబాయి మాస్టరును తేరిపారచూశాడు. "పసుప్పచ్చగా ఉందమ్మా."

"ముఖమా?"

"ముఖం, మెడ, చేతులు. గోళ్ళతో సహా."

"ఎప్పటినుంచి?"

"నేను వచ్చేసరికే అలా ఉన్నాడు."

"నోట్లో ఏమీ పోయకండి. అంబులెన్సు పంపిస్తున్నాను. మేం పావుగంటలో అక్కడుంటాం" అంది ఆవిడ. ఫోను కట్ అయ్యేముందు వెనకనుంచి భార్య ఏడుపు వినిపించింది.

బాబాయి ఫోను బల్లమీద పెట్టి, "నేను ఆడిన అబద్ధాలు రెండే మాస్టారూ. మిగతావన్నీ ఉన్నదున్నట్టే చెప్పాను" అన్నాడు.

"మళ్ళీ చేసి చెప్పండి బాబాయిగారూ, నాకేం కాలేదని. ఆమె ఈ పరిస్థితిలో ఏడవకూడదు."

బాబాయి చేశాడు. లైను బిజీ. అత్తగారు తనకు తెలిసిన ఆసుపత్రులన్నిటికీ ఒకటి తరవాత ఒకటి ఫోను చేస్తూ ఉంది.

ఇక పావుగంటలో ఎలాగైనా బయటపడాలి. భార్య గుమ్మంలోకి వచ్చేసరికి తన కాళ్ళమీద తాను నిలబడి కనిపించాలి, తరవాత ఎవరేమన్నా పడతాడు. బాబాయి బకెట్టులో సబ్బు నీళ్ళు కలిపి తెచ్చి గుమ్మం చుట్టూ పోశాడు. మంచం కదల్లేదు గానీ నేలంతా జారుడుబల్ల అయింది. "ఇద్దరం గట్టిగా నెడదాం" అన్నాడు బాబాయి. నెట్టారు. లోపలినుంచి మాస్టరు బయటికి నెట్టాడు, బయటినుంచి బాబాయి లోపలికి నెట్టాడు. ఈ సంగతి ఇద్దరికీ తట్టేసరికి ఐదు నిమిషాలు గడిచాయి.

చివరికి మాస్టరు వెల్లకిలా పడుకుని మంచం కింద దూరాడు. తల బయటికి వచ్చింది. భుజాలు వచ్చాయి. ఛాతీ, సబ్బు నీళ్ళ పుణ్యమా అని, వచ్చింది. పొట్ట దగ్గర ఆగింది. సబ్బు నురగ కళ్ళలో పడి మండటంతో గట్టిగా కళ్ళు మూసుకుని, కదిలితే నొప్పి గనక కదలకుండా, రెండు చేతులూ పక్కన పెట్టుకుని పడుకున్నాడు. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. దాని వెనకే అంబులెన్సు ఆగింది.

ముందు భార్య వచ్చింది. గుమ్మంలో ఆమెకు కనిపించింది ఇది: పసుప్పచ్చటి ముఖం, మూసిన కళ్ళు, పెదాల మీద నురగ, పక్కన బకెట్టుతో తలవంచుకుని నిలబడ్డ గార్డు బాబాయి.

"ఏమండీ" అంది. ఆమె గొంతు అంత సన్నగా వస్తుందని మాస్టరు ఎప్పుడూ వినలేదు. గబుక్కున కళ్ళు తెరిచాడు.

"వచ్చేశావా? మెల్లగా రా, నేల జారుతోంది" అన్నాడు.

ఆమె గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనకనుంచి అత్తగారు వచ్చి, కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, వంగి అల్లుడి కనురెప్ప పైకెత్తి చూసింది. నాలుక చాపమంది. బొటనవేలితో బుగ్గ మీద రుద్ది, ఆ వేలు వాసన చూసింది.

"రంగు" అంది. స్ట్రెచరు పట్టుకుని వచ్చిన ఇద్దరు మనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ తరవాత మాస్టరు నేలమీద పడుకునే జరిగిందంతా చెప్పాడు. కుట్టుకు వదిలిన రెండంగుళాల దగ్గర మొదలుపెట్టి సబ్బు నీళ్ళ దాకా ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్న అత్తగారు తిట్టలేదు. మంచం చుట్టూ చూసింది, చువ్వల మీద వేలితో కొట్టింది, ఇరుక్కున్న చోట చెయ్యి పెట్టి తడిమింది. ఆవిడ ముఖంలోకి ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగం తిరిగివచ్చింది.

"అడ్డం తిరిగినదాన్ని ముందుకు లాగితే ఎలా వస్తుంది? వెనక్కి నెట్టి సర్దాలి. నువ్వు లోపలికి పో" అంది. అల్లుణ్ణి ఆవిడ 'నువ్వు' అనడం అదే మొదలు.

మాస్టరు సబ్బు మీద జారుతూ గదిలోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడ చీరకొంగు నడుముకు దోపుకుని మంచం కింద దూరింది. ఎక్కడా ఆగకుండా అవతల తేలి, దుమ్ము దులుపుకుని అల్లుడి పక్కన నిలబడింది.

"బయట ముగ్గురూ చేతులు ఆనించి పట్టుకోండి. లాగొద్దు, వచ్చినప్పుడు పట్టుకుంటే చాలు. నువ్వు నేను చెప్పినప్పుడే నెట్టు. ఊపిరి పీల్చుకో. ఇప్పుడు నెట్టు."

మాస్టరు నెట్టాడు.

"గొంతుతో కాదు, నడుంతో. ఆపు. ఊపిరి పీల్చుకో."

"నావల్ల కాదు అత్తయ్యగారూ."

"అందరూ ఇలాగే అంటారు. ఇంకొంచెమే. కాలు కదిలింది. మళ్ళీ నెట్టు."

వీధిగదిలో కుర్చీలో కూర్చున్న భార్య మొదట ముక్కు చీదుకుంటూ ఉంది. ఆపైన ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నాలుగో నెట్టుకు మాస్టరు పెట్టిన కేక విని ఆమె నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. ఐదో నెట్టుకు మంచం కిర్రుమని కదిలి, సర్రున జారి, ముగ్గురు మగవాళ్ళనూ తోసుకుంటూ వీధిగది మధ్యకు వచ్చి ఆగింది. అత్తగారు గడియారం చూసుకుని, అలవాటు కొద్దీ, "పన్నెండూ నలభై" అంది.

మాస్టరు గుమ్మం దాటి బయటికి వచ్చి, భార్య ముందు నేలమీద కూర్చున్నాడు. ఆమె ఆయన పచ్చటి చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"లేవట్లేదన్నారు. పసుప్పచ్చగా అయిపోయారన్నారు. ఆటో అంతసేపు కదలనట్టే ఉందండీ నాకు."

మాస్టరు ఆమె చెయ్యి వదలకుండానే అత్తగారి వైపు తిరిగాడు.

"గది సిద్ధం కాలేదు అత్తయ్యగారూ. సాయంత్రం బస్సుకి అమ్మాయిని తీసుకెళ్ళండి. నా దగ్గరకంటే మీ దగ్గరే బాగుంటుంది. నేను ఆదివారాలు వచ్చి చూసిపోతాను."

అత్తగారు కూతురి వంక చూసింది. కూతురు పైకప్పు వంక చూసింది.

"ఏ బస్సు?" అంది అత్తగారు.

"టికెట్లు తీశారు గదా. రెండు."

"టికెట్లూ లేవు, గికెట్లూ లేవు. నీకు తేదీ ఒక్కటే చెప్తే చాలదు, తేదీతో పాటు భయం కూడా పెట్టాలని మీ ఆవిడే చెప్పింది. ఫోనులో నేను అన్న ప్రతి ముక్కా అది కాగితం మీద రాసి పంపిందే."

మాస్టరు భార్య వైపు తిరిగాడు. ఆమె చెయ్యి వదల్లేదు.

"ఆరు నెలలు చూశానండీ. పెళ్ళివాళ్ళు వచ్చి వీధిలో కూర్చుంటే గానీ మీ చేతిలోకి కత్తెర రాదు. అందుకని ఆ లెక్క వేశాను. నిజంగా మిమ్మల్ని వదిలిపెట్టి వెళ్తాననుకున్నారా?"

"అనుకున్నాను" అన్నాడు మాస్టరు. "రెండు వారాలుగా ముద్ద దిగలేదు."

"రెండోసారి వడ్డించుకోవడం మాత్రం మానలేదు" అంది భార్య. కానీ ఆమె కళ్ళు మళ్ళీ తడయ్యాయి. మాస్టరుకు కోపం రావలసిన చోట ప్రాణం లేచివచ్చింది. బిడ్డ ఈ ఇంట్లోనే ఉంటుంది, తాను ఆదివారం చుట్టం కానక్కర్లేదు. ఇంతకంటే ఆయనకు ఏమీ అక్కర్లేదు.

ఈలోగా అంబులెన్సు మనుషులు పేషెంటు ఎవరో తేలక నిలబడి ఉన్నారు. "ఖాళీగా పోవడమెందుకు, ఆటోలో నా సామాను ఉంది, పట్టుకురండి" అంది అత్తగారు. వార్డులో వినిపించే ఆ గొంతుకు ఎదురు చెప్పడం వాళ్ళకు అలవాటు లేదు. రెండు నిమిషాల్లో స్ట్రెచరు మీద రెండు పెద్ద పెట్టెలూ, ఒక పరుపుచుట్టా, ఒక టేబులు ఫ్యానూ లోపలికి వచ్చాయి.

మాస్టరు వాటిని లెక్కపెట్టాడు. "ఇవన్నీ ఎక్కడ పెట్టాలి?"

"వెనకగదిలో" అంది భార్య. "అమ్మ కొన్నాళ్ళు మనతోనే ఉంటుంది. మొదటినుంచీ అదే అనుకున్నాం."

"అది బిడ్డ గది కదా?"

"అప్పుడే పుట్టిన బిడ్డ వేరే గదిలో ఒంటరిగా పడుకుంటుందా అండీ ఎక్కడైనా? నా పక్కనే పడుకుంటుంది."

మాస్టరు వీధిగది మధ్యలో ఉన్న మంచాన్నీ, వెనకగదిలోని లేత పసుపు గోడల్నీ మార్చి మార్చి చూశాడు. మూలమూలా అంత శ్రద్ధగా రంగు వేసింది ఎవరికోసమో ఆయనకు ఇప్పుడు అర్థమైంది. అత్తగారు గదిలో కలయతిరిగి, కిటికీ తెరిచి, గోడమీద అరచెయ్యి ఆనించి చూసింది.

"పనితనం బాగానే ఉంది. రంగు కూడా నాకు నచ్చింది" అంది. "కానీ దీనికి తలుపేది?"

గోడకు చేరవేసిన తలుపు వంక అందరూ చూశారు. మాస్టరు లేచి, పచ్చటి చేతులు పంట్లానికి తుడుచుకుని, మెడలోంచి టేపు తీశాడు.

"పది నిమిషాల్లో బిగించేస్తాను అత్తయ్యగారూ" అన్నాడు.

అంబులెన్సు మనుషులిద్దరూ ఆ పది నిమిషాలు ఆగే వెళ్తామన్నారు.